పనసకర్ర మీద గాట్లు

ఆ ఏడాది జూన్ నెలాఖరున సముద్రం మూడు రోజులపాటు ఇసుక బస్తాల గోడ దాటి ఇళ్ళ మధ్యకి వచ్చి పోయింది. నాలుగో రోజు పొద్దున వాన కాస్త తెరిపిచ్చింది. ఎలీశ్వ కొంగు తలమీద కప్పుకుని, చంకలో గోనెసంచి పెట్టుకుని ఒడ్డుకి బయల్దేరింది.

కొచ్చి దగ్గర ఆ పుత్తన్‌కర ఊళ్ళో ఆడవాళ్ళందరూ వెళ్తారు అలా. పోటు తగ్గాక సముద్రం ఏదో ఒకటి వదిలిపెట్టి పోతుంది. కొండల మీంచి వరదలో దిగొచ్చిన చెట్ల వేళ్ళు, విరిగిన పడవ పలకలు, ఎవరి ఇంటివో వాసాలు. మిగతావాళ్ళు పొయ్యిలోకి పనికొచ్చేవి ఏరుకుంటారు. ఎలీశ్వ మాత్రం పొయ్యిలో పెట్టడానికి మనసొప్పనివి ఏరుకునేది. వంకర తిరిగినవి, ఉప్పు తిని బూడిదరంగు తేలినవి, అలల్లో ఒరుసుకుని గులకరాయిలా నున్నబడినవి.

"అందరూ పొయ్యిలోకి తెచ్చుకుంటే నువ్వు గోడకి తెచ్చుకుంటావేమే?" అనేవాడు ఆమె మొగుడు అంత్రయోస్. ఊపిరితిత్తులు చెడి అతను సముద్రం మీదకి వెళ్ళక అయిదేళ్ళయింది. వాకిట్లో స్టూలు మీద కూర్చుని ఊళ్ళోవాళ్ళ వలలు బాగుచేస్తూ, దారినపోయేవాళ్ళని పిలిచి మరీ చెప్పేవాడు. "చూడండి, మా ఆవిడ కట్టెలకి చీరలు కట్టి పెళ్ళికూతుళ్ళని చేస్తోంది. సంబంధాలుంటే చెప్పండి."

ఆమెకి అప్పటికి యాభైనాలుగేళ్ళు. తొమ్మిదో ఏట తల్లి వెనకాలే పీచు పనికి వెళ్ళింది. ఉప్పుటేట్లో నెలల తరబడి ఊరిన కొబ్బరి డొక్కలని బయటికి లాగి, కర్రతో బాది, పీచు దులిపి, ఒళ్ళో కట్టుకుని రాట్నం దగ్గర వెనక్కి నడుస్తూ తాడు పేనడం. ఆ కుళ్ళు వాసన చిన్నప్పుడే ఒంటికి పట్టింది. అంత్రయోస్ పెళ్ళయిన కొత్తలో దాన్ని వెక్కిరించేవాడు, తర్వాత మానేశాడు. ఊళ్ళో పీచుపనివాళ్ళ సంఘం షెడ్డు మూతపడ్డ రోజున మిగిలిన పీచుని ఆడవాళ్ళందరూ తలా మూడు మోపులు పంచుకున్నారు. ఆ మోపులు ఇంటి మూల చాలాకాలం పడున్నాయి. ఒక వర్షాకాలం తడిబట్టలు ఆరేసుకోవడానికి వంకర కొమ్మ ఒకటి దూలానికి వేలాడదీసి, దానికి పీచుతాళ్ళు కట్టింది. చెయ్యి ఊరుకోలేదు. ఆ నిలువు తాళ్ళ మధ్యనుంచి అడ్డంగా అరటినార, మొగలాకు చీలికలు పెట్టి నేసుకుంటూ పోయింది. పడుగు, పేక. సాయంత్రానికి అది బట్టలారేసుకునే కొమ్మలా లేదు. ఏమిటో ఆమెకీ తెలియదు. చూస్తే మాత్రం తడి ఇసుక మీంచి కెరటం వెనక్కి వెళ్ళాక మిగిలే గీతల్లా ఉంది.

సుభద్ర టీచర్ దాన్ని కిటికీలోంచి చూసింది. ఆవిడ కాన్వెంటు బళ్ళో బొమ్మలు నేర్పి రిటైరయింది. కొచ్చిలో పాత సుగంధద్రవ్యాల గోదాము ఒకటి అద్దెకి తీసుకుని, చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు చేసినవి అక్కడ పెట్టేది. ఆ రోజునుంచి ఎలీశ్వ చేసింది ఏదున్నా ఆవిడే పట్టుకెళ్ళేది.

సరే, ఆ రోజు ఒడ్డు దగ్గరికి వద్దాం.

బండరాళ్ళ పక్కన ఇసుకలో సగం కూరుకుపోయి కర్ర ఒకటి కనిపించింది. ఎలీశ్వ చేతులతో ఇసుక తోడి పైకి లాగింది. పనసకర్ర. చదరంగా చెక్కింది. మనిషెత్తుకి కొంచెం తక్కువ. ఒక చివర విరిగిపోయింది. రెండో వైపు మడతబందు కూర్చున్న గుంట. అంటే ఎవరిదో ద్వారబంధం. దొర్లించి చూస్తే పైభాగాన ఎద్దు కన్ను లాంటి ముడి ఉంది. ఆ ముడి చూడగానే ఆమె చెయ్యి దానంతటదే కర్ర అంచు వెంబడి కిందకి జారింది. గాట్లు తగిలాయి. ఒకటి, రెండు, మూడు. మొత్తం తొమ్మిది.

ఎవరి గుమ్మమో ఇంక అడగక్కర్లేదు. పదిహేనేళ్ళు ఆ గుమ్మానికి వీపు ఆనించి కూర్చుని టీ తాగింది.

మర్గలీత్తది ఆ గుమ్మం. ఎలీశ్వ కన్నా రెండేళ్ళు పెద్ద కాబట్టి ఆమెని చేచీ, అంటే అక్కా, అని పిలిచేది. ఇద్దరూ ఇరవయ్యేడేళ్ళు ఒకే రాట్నం మీద పనిచేశారు. ఇద్దరూ పక్కపక్కన వెనక్కి నడుస్తూ, చెరో తాడు పేనుతూ, ఊళ్ళో అందరి కబుర్లూ చెప్పుకునేవాళ్ళు. మర్గలీత్తకి ఒక్కడే కొడుకు, షిజో. ఏటా జనవరిలో పునీత సెబస్త్యానోస్ పండగ ఊరేగింపు నుంచి ఇంటికి రాగానే వాళ్ళ నాన్న పైలి పిల్లాణ్ణి గుమ్మానికి ఆనించి నిలబెట్టి, నెత్తి మీద వలకత్తితో గాటు పెట్టేవాడు. నాలుగో ఏటి నుంచి పన్నెండో ఏటి దాకా పెట్టాడు. పదమూడో ఏట వాడు "నేనేమైనా గొర్రెపిల్లనా కొలవడానికి" అని చేతిలోంచి తప్పించుకుని పారిపోయాడు.

ఇరవయ్యొకటో ఏట షిజో పడవ నవంబరు తుపానులో చిక్కుకుంది. అయిదుగురు వెళ్తే ఇద్దరు వచ్చారు. వాడి శవం దొరకలేదు. చర్చి వెనక సమాధుల దొడ్లో వాడి పేరున ఒక పలక ఉంది, దాని కింద ఏమీ లేదు. పైలి తాగి తాగి రెండేళ్ళలో పోయాడు. మర్గలీత్త పొద్దున్నే ఇంట్లోంచి బయటికి వెళ్ళేముందు, అందరూ యేసు పటాన్ని ముట్టుకున్నట్టు, అన్నిటికన్నా పైన ఉన్న గాటు మీద వేళ్ళు పెట్టి వెళ్ళేది.

తర్వాత సముద్రం ఇల్లు తీసుకుంది. అది రెండేళ్ళ కిందటి మాట. అలలు పునాది తోడేస్తుంటే జనం ఆమెని రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చారు. బళ్ళో పెట్టిన శిబిరంలో ఉంటూ రోజూ ఒడ్డుకి వచ్చి ఆ గుమ్మం కోసం వెతికేది. మొదటి మూడు రోజులు ఎలీశ్వ కూడా వెంట తిరిగింది. నాలుగో రోజు మర్గలీత్తకి జ్వరం, కాళ్ళు వాచాయి, అయినా ఒడ్డుకి వచ్చింది.

"చేచీ, ఇంక ఆపు" అంది ఎలీశ్వ. "పోయింది పోయింది. ఎంతైనా కర్రే కదా."

మర్గలీత్త ఆగి వెనక్కి తిరిగింది. "నీ ఇల్లు నిలబడింది. నువ్వు ఎన్నైనా అంటావు."

"నేనేమన్నాను ఇప్పుడు?"

"కర్రే కదా అన్నావు. నీకు పిల్లలా జెల్లలా. నీకేం తెలుస్తుంది."

ఎలీశ్వకి మూడుసార్లు కడుపు పోయింది. మూడుసార్లూ పక్కన కూర్చుని కాపడం పెట్టింది మర్గలీత్తే. ఆ నోటితోనే ఆ మాట వచ్చింది. ఎలీశ్వ అక్కణ్ణించే ఇంటికి వచ్చేసింది. ఆ నెలాఖరుకి సర్కారువాళ్ళు మర్గలీత్తకి ఒడ్డు నుంచి ఏడు కిలోమీటర్ల దూరంలో, ఇల్లు పోయినవాళ్ళ కోసం కట్టిన భవనంలో మూడో అంతస్తులో గది ఇచ్చారు. వెళ్ళేటప్పుడు చెప్పలేదు. తర్వాత ఈమె వెళ్ళలేదు, ఆమె రాలేదు.

ఒడ్డున ఎలీశ్వ చుట్టూ చూసింది. దూరంగా ఇద్దరు ఆడవాళ్ళు వంగి ఏదో ఏరుకుంటున్నారు. కర్రని గాట్లవైపు లోపలికి తిప్పి భుజానికెత్తుకుంది. అలా ఎందుకు తిప్పిందో తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా ఆమెకే అంతుపట్టలేదు. సాయంత్రం చర్చి దగ్గర ఎవరైనా అటువైపు వెళ్ళేవాళ్ళుంటే కబురు పంపుదాం అనుకున్న మాట నిజం. సాయంత్రం వాన పడింది. మర్నాడు అంత్రయోస్‌కి ఆయాసం ఎక్కువైంది. ఆ మర్నాడు ఏ అడ్డూ లేదు, అయినా కబురు వెళ్ళలేదు.

శుక్రవారం సుభద్ర టీచర్ వచ్చింది. గోడకి ఆనించి ఉన్న కర్రని చూసి గొడుగు ముడవడం కూడా మర్చిపోయింది.

"ఇదెక్కడిది ఎలీశ్వా?"

"ఒడ్డున దొరికింది టీచర్."

"నవంబర్లో మన ప్రదర్శన ఉందని చెప్పాను కదా. ఈసారి నీ ఒక్కదానికే ఒక గోడ ఇస్తున్నాను. మొత్తం గోడ. పక్కన నీ పేరు రాయిస్తాను. దీన్ని పైన అడ్డంగా వేలాడదీసి, కింద నేల దాకా నెయ్యి. ఇలాంటి కర్ర మళ్ళీ దొరకదు నీకు."

"ఇది... ఎవరిదో ద్వారబంధం టీచర్."

"తెలుస్తూనే ఉంది. అందుకే చెప్తున్నా. ఈ తీరమంతా పోయిన ఇళ్ళే కదా. చూసేవాళ్ళకి నువ్వు నోరు విప్పి చెప్పక్కర్లేదు."

ఎలీశ్వ పేరు అంతవరకూ రేషను కార్డు మీద, సంఘం హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా రాసి లేదు. గోడ మీద పేరు. ఆ రాత్రి అన్నం తింటున్నంతసేపూ ఆమె మనసులో ఆ గోడే ఉంది. మర్గలీత్త గుర్తు రాలేదని కాదు. వచ్చింది. దాంతోపాటు ఆ మాట కూడా వచ్చింది. పిల్లలా జెల్లలా.

పని మొదలుపెట్టింది. నున్నటి కర్ర మీద తాళ్ళు నిలవవు, బరువు పడగానే పక్కకి జారతాయి. జారకుండా ఉండాలంటే అంచుమీద గాట్లు పెట్టి, ఒక్కో గాట్లో ఒక్కో తాడు కూర్చోబెట్టి ముడెయ్యాలి. ఎప్పుడూ అలాగే చేసేది. ఈ కర్రకి తొమ్మిది గాట్లు అప్పటికే ఉన్నాయి. అవి ఉప్పుకి, ఇసుకకి అరిగి లోతు పోయాయి. వలకత్తి తీసుకుని వాటిని కొంచెం లోతు చేసింది. వాటి మధ్యా, పైనా, కిందా రెండు వేళ్ళ ఎడంతో ఇంకో పదిహేను పెట్టింది. కొత్త గాట్లు తెల్లగా, పచ్చిగా కనిపిస్తున్నాయని చేపనూనెలో జీడిపిక్కల పెంకు నూనె కలిపి, పడవలకి పూసినట్టు కర్రంతా మూడు పూతలు పూసింది. పురుగు పట్టకుండా ఎప్పుడూ పూసేదే. ఆరాక కర్ర మొత్తం ఒకే నలుపుకి వచ్చింది.

మూడో రోజు అంత్రయోస్ కర్రపెండలం, మత్తి చేపల కూర ముందు పెట్టుకుని, తినకుండా కెలుకుతూ అన్నాడు.

"ఆ కర్ర నాకు తెలుసు."

"పనసకర్రలన్నీ ఒకలాగే ఉంటాయి."

"నేనూ పైలీ ఆ గుమ్మం దగ్గర ఎంత కల్లు తాగామో నీకు తెలియదు. ఆ ముడిలో వేలు పెట్టి తిప్పుతూ తాగేవాడు వాడు." కాసేపు దగ్గాడు. "గాట్లు చూశావా?"

"ఏ గాట్లు?"

అతను ఆమె మొహంకేసి చూశాడు. తర్వాత కంచం పక్కకి నెట్టి లేచాడు. ఆ రోజు నుంచి ఆమె నేత గురించి హాస్యాలాడటం మానేశాడు. దారినపోయేవాళ్ళని పిలవడమూ మానేశాడు. అతను వెటకారం చేస్తున్నంతకాలం విసుక్కునేది కానీ, అది ఆగిపోయాక ఇల్లు చిన్నబోయినట్టు అనిపించింది ఆమెకి.

మూడు నెలలు నేసింది. అంత మంచి పని ఆమె అంతకుముందు చెయ్యలేదు. పైన పచ్చిపసుపు రంగు పీచు, కిందకి దిగేకొద్దీ ఏట్లో ఎక్కువ కాలం ఊరిన ముదురు పీచు, మధ్యలో తెల్లటి అరటినార సన్నగా నడుస్తూ, అక్కడక్కడ మొగలాకు. కింద చివర్లు నేయకుండా వదిలేసింది. ఫ్యాను గాలికి అవి నేలమీద కదులుతుంటే నీళ్ళు వచ్చి పోతున్నట్టే ఉండేది. ముడులు వేసినచోట కర్ర అంచు అసలు కనిపించకుండా తాడుని దట్టంగా చుట్టింది.

ప్రదర్శన మొదటి రోజు టీచర్ పుత్తన్‌కర ఆడవాళ్ళ కోసం బస్సు పెట్టింది. ఎలీశ్వ ముందే వెళ్ళి హాల్లో ఉంది. కొత్త నేత చీర కట్టుకుని, తన పేరు రాసిన చీటీ పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. ఎవరెవరో వచ్చి చూస్తున్నారు, ఫోటోలు తీసుకుంటున్నారు. బెంగుళూరు నుంచి వచ్చిన ఒకాయన దాన్ని తన ఆఫీసుకి తీసుకుంటానని టీచర్‌తో అప్పుడే మాట్లాడేశాడు. పది గంటలకి బస్సు వచ్చింది. దిగుతున్నవాళ్ళని కిటికీలోంచి చూస్తూ ఎలీశ్వ లెక్కపెట్టుకుంటోంది. బస్సు వచ్చే దారిలో ఇల్లు పోయినవాళ్ళ భవనం దగ్గర కూడా ఆగిందని ఆమెకి ఎవరూ చెప్పలేదు. చివర్న కడ్డీ పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగుతూ మర్గలీత్త వచ్చింది. బాగా చిక్కిపోయింది. జుట్టు మొత్తం నెరిసింది.

పక్క గదిలోకి వెళ్ళిపోదామా అనుకుంది ఎలీశ్వ. ఈలోగా ఆడవాళ్ళందరూ లోపలికి వచ్చేశారు.

"అమ్మో, ఇదంతా నువ్వే చేశావా ఎలీశ్వా? మా ఇంట్లో ఉన్న పీచుతో నేను గిన్నెలు తోముకుంటున్నాను."

"గిన్నెలైనా మెరుస్తున్నాయి కదా నీవి. దీంతో ఏం చేస్తారట?"

"చూస్తారటే. కూర్చుని చూస్తూ ఉంటారట."

నవ్వుకుంటున్నారు వాళ్ళు. మర్గలీత్త వెనకనుంచి మెల్లగా ముందుకు వచ్చింది. మొదట ఎలీశ్వకేసి చూసి, అవునో కాదో అన్నట్టు కొంచెం తల ఊపింది. రెండేళ్ళ తర్వాత అదే మొదటి పలకరింపు. తర్వాత నేతకేసి చూసింది. చూస్తూ చూస్తూ ఆమె కళ్ళు పైకి వెళ్ళాయి. కర్ర అడ్డంగా వేలాడుతోంది కాబట్టి తలని ఒక పక్కకి వాల్చింది. ఎద్దు కన్ను లాంటి ముడి దగ్గర ఆగిపోయింది.

దగ్గరికి వెళ్ళి మునివేళ్ళ మీద నిలబడి చెయ్యి పైకెత్తింది. ముట్టుకోవద్దని చెప్పడానికి హాల్లో పనిచేసే అమ్మాయి ముందుకు వస్తే ఎలీశ్వే ఆపింది. మర్గలీత్త వేళ్ళు ముడి మీంచి జరిగి, తాడు చుట్టిన అంచు దాకా వచ్చి, తాడు కిందకి దూరడానికి ప్రయత్నించాయి. దూరలేదు. బిగువుగా ఉంది.

"ఎప్పుడు దొరికింది?" అని అడిగింది, వెనక్కి తిరగకుండా.

"జూన్‌లో."

"గాట్లు ఉన్నాయా?"

"ఉన్నాయి."

"నీకు తెలిసే చేశావా?"

ఎలీశ్వ అబద్ధం చెప్పడానికి నోరు తెరిచింది. రాలేదు. "తెలుసు చేచీ" అంది.

మర్గలీత్త చెయ్యి దించుకుంది. వెళ్ళి బస్సులో తన సీట్లో కూర్చుంది. మిగతావాళ్ళు హాలంతా తిరిగి, సమోసాలు తిని, టీలు తాగి వచ్చేదాకా రెండు గంటలు అలాగే కూర్చుంది. ఎలీశ్వ రెండుసార్లు బస్సు దాకా వెళ్ళి, మొహం చెల్లక వెనక్కి వచ్చింది.

మర్నాడు హాలు తెరవకముందే ఎలీశ్వ వెళ్ళి నిచ్చెనేసుకుని దాన్ని దించింది. టీచర్ వచ్చేసరికి వెనక వరండాలో పరిచి, వలకత్తితో ముడులు కోస్తోంది.

"మతి పోయిందా నీకు? అది అమ్ముడైపోయింది."

"ఆయనకి నా దగ్గరున్నవి ఏవి కావాలంటే అవి ఇవ్వండి టీచర్. అన్నీ ఇవ్వండి. ఇది కాదు."

"ఏమైందో చెప్పు ముందు."

చెప్పింది. కత్తి ఆపకుండానే చెప్పింది. టీచర్ అంతా వింది. "ఆ రోజు ద్వారబంధం అని అన్నావు నువ్వు" అంది. "నేనే వినిపించుకోలేదు." పక్కన చతికిలబడి, ఊడిన తాళ్ళని ఒక్కోటీ తీసి ఉండ చుట్టసాగింది. మూడు నెలలు నేసింది మధ్యాహ్నానికల్లా ఊడిపోయింది.

అప్పుడు చూసింది ఎలీశ్వ. కర్ర అంచు వెంబడి ఇరవైనాలుగు గాట్లు. ఒకే కత్తి, ఒకే లోతు, ఒకే నలుపు. తాళ్ళ బరువుకి, రాపిడికి అన్నీ ఒకేలా అరిగాయి. వేలితో తడిమింది. కళ్ళు మూసుకుని తడిమింది. ఒడ్డున ఆ రోజు చీకట్లో అయినా గుర్తుపట్టగలిగేది. ఇప్పుడు పట్టపగలు తెలియడం లేదు. గోనెగుడ్డకి రంపపుపొట్టు అద్ది నూనె పూత తుడవబోయింది. నూనె పనసలోకి ఎప్పుడో ఇంకిపోయింది.

"టీచర్, ఇందులో పాతవి ఏవో మీకేమైనా తెలుస్తున్నాయా?" అని అడిగింది. టీచర్ కళ్ళద్దాలు సర్దుకుని చాలాసేపు చూసి తల అడ్డంగా ఊపింది.

కర్రని గుడ్డలో చుట్టి బస్సెక్కింది. కండక్టరు నసిగాడు.

"ఏంటమ్మా ఇది, ఇల్లు ఊడబెరుక్కొస్తున్నావా?"

"గుమ్మం ఒక్కటే" అంది ఎలీశ్వ.

"అయితే నిలబెట్టు, ఎవరి కాలిమీదా పడకుండా. రేపు ఇంకెవరో పైకప్పు పట్టుకుని ఎక్కుతారు నా బస్సు."

ఆ భవనం చుట్టూ చెట్టు లేదు, చేమ లేదు. పొలాన్ని పూడ్చి కట్టారు. కింద నీళ్ళ కుళాయి దగ్గర బిందెల వరస. సముద్రం చప్పుడు వినిపించదు అక్కడ. మూడంతస్తులు కర్ర మోసుకుని ఎక్కేసరికి ఎలీశ్వకి ఊపిరందలేదు. తలుపు తెరిచే ఉంది. మర్గలీత్త నేలమీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తలెత్తి చూసి, చేట పక్కన పెట్టి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది.

ఎలీశ్వ గుడ్డ విప్పి కర్రని గోడకి నిలబెట్టింది. పైది పైకి, కిందిది కిందకి, గుమ్మంలో ఉన్నప్పటిలాగే. మర్గలీత్త దగ్గరికి వచ్చింది. రోజూ ముట్టుకునే పై గాటు ఉండే చోట వేళ్ళు పెట్టబోయి ఆగింది. దానికి పైన ఇంకోటి ఉంది. దానికి పైన ఇంకో రెండు.

"ఇన్నేంటి?"

"తాళ్ళు నిలవడానికి... నేను పెట్టాను చేచీ."

"వాడివి ఏవి?"

ఎలీశ్వ వంగి చూపించబోయింది. "ఇది. ముడికి జానెడు కిందది, ఇది నాకు బాగా గుర్తుంది. పదో ఏటిది అనుకుంటా. ఇదొకటి. ఇది..." వేలు ఆగిపోయింది. మళ్ళీ పైనుంచి మొదలుపెట్టింది. "మూడు మాత్రం కచ్చితంగా చెప్పగలను."

"మూడు" అంది మర్గలీత్త.

"తప్పు చేశాను చేచీ. నన్ను నాలుగు తిట్టు. కొట్టు కావాలంటే."

మర్గలీత్త తన అరచెయ్యిని నేలకి సమాంతరంగా పెట్టి, గాలిలో పైకీ కిందకీ జరిపింది, ఎంత ఎత్తుండేవాడో గుర్తు తెచ్చుకుంటున్నట్టు. చెయ్యి ఎక్కడా ఆగలేదు. తర్వాత దాన్ని కొంగుకి తుడుచుకుంది.

"ఆ రోజు ఒడ్డున నేను నీకు అన్న మాట ఒకటుంది" అంది. "దానికి ఇది చెల్లయిపోయిందని నువ్వు అనుకుంటున్నావేమో. చెల్లవ్వలేదు. నాది మాటే."

"అలా అనుకోలేదు."

"అనుకున్నావు. లేకపోతే కబురు పెట్టేదానివి."

అది నిజమే కాబట్టి ఎలీశ్వ తల వంచుకుంది.

"పక్కన పెట్టి వెళ్ళు. బియ్యం ఏరుకోవాలి."

కూర్చోమనలేదు, మంచినీళ్ళు ఇవ్వలేదు. ఎలీశ్వ మెట్లు దిగి వచ్చి, బస్సు కోసం రెండు గంటలు ఎండలో నిలబడింది.

ఆ తర్వాత ఆమె కట్టెలు ఏరడం మానేసింది. ఇంట్లో గోడలకి ఆనించి ఉన్నవన్నీ ఆ చలికాలం పొయ్యిలోకి వెళ్ళాయి. టీచర్ రెండుసార్లు వచ్చి బతిమాలింది. "ఒక తప్పు జరిగిందని చేతులు కట్టేసుకుంటావా?" అని అడిగితే, "చేతులకి ఏం తెలుసు టీచర్, అవి మంచి పనే చేశాయి" అంది. పీచుతో కాళ్ళు తుడుచుకునే పట్టాలు అల్లి చర్చి దగ్గర ఆదివారాలు అమ్మేది.

ఈస్టర్‌కి ముందు వచ్చే పెద్ద ఉపవాసాల్లో అంత్రయోస్ పోయాడు. చివరి పది రోజులూ కూర్చునే నిద్రపోయేవాడు. పోవడానికి ముందు రోజు, పొద్దున గంజి తాగిస్తుంటే ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "నేను చెప్పి ఉండాల్సింది" అన్నాడు. "కంచం తోసేసి లేచిపోయాను గానీ, ఇచ్చేసి రా అని ఒక్క మాట అనలేదు. నాకూ ఆ గోడమీద నీ పేరు చూడాలనే ఉండింది."

ఎలీశ్వ అతని మూతి తుడిచింది. అప్పుడు ఏదో ఒక మాట చెప్పకపోయానే అని తర్వాత చాలాసార్లు అనుకుంది.

సమాధి చేసే రోజున మర్గలీత్త వచ్చింది. జనం వెనక నిలబడి, తన వంతు వచ్చినప్పుడు గుప్పెడు మట్టి వేసింది. ఎలీశ్వ భుజం మీద చెయ్యి వేసి తీసేసింది. తిరుగు బస్సుకి టైమైందని వెళ్ళిపోయింది.

మరుసటి వానల్లో ఎలీశ్వ ఇంటి పడమటి గోడ కూలింది. సర్కారువాళ్ళు ఆమెకి కూడా ఆ భవనంలోనే గది ఇచ్చారు, మొదటి అంతస్తులో. కిటికీ తీస్తే అవతలి భవనం గోడ. పొద్దున లేవగానే చెవులు సముద్రం చప్పుడు కోసం వెతుక్కునేవి. మొదటి నెలంతా ఎందుకు లేచానా అని మంచం మీదే కూర్చుండిపోయేది.

మర్గలీత్తతో రోజూ మెట్ల మీద ఎదురుపడుతుంది. రేషను ఎప్పుడిస్తారు, కరెంటు ఎప్పుడొస్తుంది, అంతవరకే మాట. మూడో అంతస్తులో ఆ గది తలుపు తెరిచి ఉన్నప్పుడు ఎలీశ్వ లోపలికి చూడదు. పైకి వెళ్ళే పని పడితే తల దించుకుని వెళ్తుంది. కర్ర ఏమైందో ఇంతవరకూ అడగలేదు. ఆ గది వైపు వెళ్ళొచ్చిన ఒకావిడ, మర్గలీత్త దాని మీద సుద్దముక్కతో ఏవో గీతలు పెట్టుకుని, మళ్ళీ తుడిపేసుకుంటూ ఉంటుందని ఒకసారి చెప్పింది.

మొన్న వేసవిలో నీళ్ళకి బాగా ఇబ్బంది అయింది. నాలుగు రోజులకోసారి కుళాయి వచ్చేది. ఒక మధ్యాహ్నం ఎలీశ్వ గదిలో కూర్చుని పీచు దులుపుతుంటే గుమ్మం దగ్గర నీడ పడింది. మర్గలీత్త, చేతిలో రెండు బిందెలు.

"నీళ్ళొచ్చాయి" అంది. పక్క గదివాళ్ళకి చెప్పిన గొంతుతోనే చెప్పి, అటు పక్క తలుపు కొట్టడానికి వెళ్ళింది.

ఎలీశ్వ ఒళ్ళోని పీచు దులుపుకుని, బిందె తీసుకుని ఆమె వెనకాలే మెట్లు దిగింది. వరసలో వాళ్ళిద్దరి మధ్యా నలుగురు ఉన్నారు.